ఆర్డౌర్‌లో రికార్డు మోడ్‌లు, క్లాక్‌లు: బరంపురం, పర్లాకిమిడి వైపు చిన్న స్టూడియోల కోసం ఒక సమీక్ష

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చిన్న స్టూడియోలకు వచ్చే పని ఒక్క తీరుగా ఉండదు. పొద్దున్న భజన బృందం వస్తుంది. మధ్యాహ్నం ప్రచారం ఆటో కోసం ఒకే ప్రకటనను తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చదివించాలి. సాయంత్రం ఎవరో షార్ట్ ఫిల్ముకి డబ్బింగ్ చెయ్యమంటారు. ఈ మూడింటికీ రికార్డు చేసే పద్ధతి వేరు, టైము కొలుచుకునే పద్ధతీ వేరు. అందుకే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఎఫెక్టులెన్ని ఉన్నాయని కాక, టేకు మీద టేకు పడినప్పుడు అది ఏం చేస్తుంది, కావలసిన చోటికి ఎంత త్వరగా తీసుకెళ్తుంది అన్న రెండు సంగతులు ముందు చూడాలి. ఆ రెండింటిలోనూ ఆర్డౌర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గట్టిది. లోపాలు లేకపోలేదు, వాటినీ చెబుతాం.

ఆర్డౌర్ పాల్ డేవిస్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. మొదటి పూర్తి వెర్షన్ 2005లో వచ్చింది. లైనక్స్, విండోస్, మాక్ మూడింటి మీదా నడుస్తుంది. సోర్స్ కోడ్ ఉచితం. సిద్ధంగా ఉన్న ఇన్‌స్టాలర్ కావాలంటే వాళ్ల సైట్లో మనకు తోచినంత కట్టి తీసుకోవచ్చు, కనీసం ఒక డాలరు. కట్టే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, లేకపోతే పేమెంటు తిరిగొచ్చేస్తుంది. ఉచిత డెమో కూడా ఉంది కానీ పది నిమిషాలకు శబ్దం ఆగిపోతుంది. నేర్చుకోడానికి చాలు, పనికి చాలదు. ఉబుంటు, డెబియన్ లాంటి లైనక్స్ వాడేవాళ్లకు వాటి సాఫ్ట్‌వేర్ భండారంలోనే (రిపాజిటరీ) ఉచితంగా దొరుకుతుంది, కాకపోతే కాస్త పాత వెర్షన్ ఉంటుంది. ఈ సమీక్ష 7, 8 వెర్షన్లను దృష్టిలో పెట్టుకుని రాసింది.

ముందు రికార్డు మోడ్‌ల సంగతి. పైన ట్రాన్స్‌పోర్ట్ బార్‌లో (ప్లే, రికార్డు మీటలుండే పట్టీ) 'రెక్' అన్న చిన్న అక్షరాల పక్కన ఒక జాబితా ఉంటుంది. అందులో మూడు: లేయర్డ్, నాన్ లేయర్డ్, సౌండ్ ఆన్ సౌండ్. ఒకే ట్రాక్‌లో ఇదివరకే గొంతు ఉన్న చోట మళ్లీ రికార్డు చేస్తే పాతదాని గతేమిటో ఇవి తేలుస్తాయి. ఖాళీ ట్రాక్ మీద మూడూ ఒకేలా ఉంటాయి. అందుకే చాలామంది వీటిని పట్టించుకోరు. రెండో టేకు దగ్గర తెలిసొస్తుంది.

లేయర్డ్‌లో కొత్త టేకు పాతదాని మీద ఒక పొరలా పడుతుంది. వినిపించేది పైదే. కింది టేకు చెక్కుచెదరకుండా ఉంటుంది. పైదాన్ని డిలీట్ చేస్తే మళ్లీ వినిపిస్తుంది. ట్రాక్ మీద రైట్ క్లిక్ చేసి లేయర్స్‌లో స్టాక్డ్ ఎంచుకుంటే పొరలన్నీ ఒకదాని కింద ఒకటి విడివిడిగా కనిపిస్తాయి. ఏ లైను ఏ టేకులో బాగుందో పోల్చుకోడానికి ఇదే సులువైన దారి. ట్రాక్ ఎత్తు బాగా పెంచాలి, లేకపోతే సన్నటి గీతలే కనబడతాయి. పాటకి, పద్యానికి, హరికథకి ఇదే పెట్టుకోండి. కొత్త మనిషి స్టూడియోలో చేరితే మొదటి నెల దీన్ని కదపనివ్వకండి.

నాన్ లేయర్డ్‌లో కొత్త టేకు పడినంత మేరా పాత రీజియన్ (తెర మీద ఆ టేకుని చూపే డబ్బా) కత్తిరించుకుపోతుంది. ట్రాక్ ఎప్పుడూ ఒకే వరసగా, శుభ్రంగా కనిపిస్తుంది. ప్రకటనలు, ఆటో ప్రచారాలు, ఆడియో పాఠాలు చదివించేటప్పుడు ఇది హాయి. చదివేవాళ్లు తడబడితే ఆ వాక్యం మొదటికి వచ్చి మళ్లీ రికార్డు నొక్కడమే, చివర్లో పొరలు ఏరుకునే పని ఉండదు. కత్తిరించేసింది కదా, పాతది పోయినట్టేనా అని భయపడక్కర్లేదు. పోయేది తెర మీది రీజియన్ అంచు మాత్రమే, డిస్కులో ఉన్న ఫైలు కాదు. అంచు పట్టుకుని లాగితే పాత గొంతు తిరిగొస్తుంది, కంట్రోల్ జెడ్ నొక్కినా వస్తుంది. పాత వెర్షన్లలో టేప్ మోడ్ అని ఒకటి ఉండేది, అది నిజంగానే ఫైలు మీద తిరగరాసేది. ఆ పేరు విన్నవాళ్లు దీన్ని కూడా అలాంటిదే అనుకుంటారు, కాదు.

సౌండ్ ఆన్ సౌండ్ లేయర్డ్ లాంటిదే, కాకపోతే కింది పొర కూడా వినిపిస్తుంది. ఇద్దరే పాడేవాళ్లున్నారు, భజనలో పల్లవి మాత్రం పదిమంది అందుకున్నట్టు ఉండాలి అనుకోండి. ఒకే ట్రాక్ మీద ఆ పల్లవిని మూడు నాలుగు సార్లు పాడించుకోవచ్చు. ప్రతిసారీ మైకుకి దూరం మార్చాలి: ఒకసారి జానెడు, ఒకసారి రెండడుగులు, ఒకసారి నాలుగు. అన్నీ ఒకే దూరంలో పాడితే గుంపులా రాదు, ఒకే గొంతు గట్టిపడినట్టు వస్తుంది. టేకు చేరిన కొద్దీ మట్టం పెరుగుతుంది. రెండు వేర్వేరు గొంతులు ఒకే స్థాయిలో కలిస్తే సుమారు 3 డీబీ (డెసిబెల్, శబ్దం మట్టానికి కొలత), ఒకే ధ్వని తనతో తాను కలిస్తే 6 డీబీ. అందుకని మొదటి టేకే మైనస్ 18 డీబీ దగ్గర తీసుకోవడం మేలు. అయితే ఆల్బంకి ఇచ్చే తుది కోరస్‌ని ఈ మోడ్‌లో చెయ్యవద్దనే మా సలహా. అన్నీ ఒకే ట్రాక్‌లో ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఎడమకీ ఒకదాన్ని కుడికీ జరపలేరు. దానికి విడి ట్రాక్‌లే సరి. ట్యూను కట్టుకునేటప్పుడు, హార్మోనియం మీద హార్మోనియం వేసి చూసుకునేటప్పుడు ఇది చక్కగా పనికొస్తుంది.

అసలు లోపం ఇక్కడుంది. ఈ మోడ్ సెషన్ (ట్రాక్‌లన్నీ ఉండే ప్రాజెక్టు) మొత్తానికి ఒకటే, ట్రాక్‌కి ట్రాక్ వేరుగా పెట్టుకోలేం. కోరస్ కోసం సౌండ్ ఆన్ సౌండ్ పెట్టి, మర్చిపోయి, గాయని తప్పు పాడిన లైను మళ్లీ తీసుకున్నారనుకోండి. తప్పు లైనూ ఒప్పు లైనూ కలిసి మోగుతాయి. గొంతు జంటగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఎకో పడిందేమోనని ప్లగిన్‌లు వెతుకుతారు, మైకు మారుస్తారు. చెయ్యాల్సింది ఒకటే: పై రీజియన్ మీద రైట్ క్లిక్ చేసి ఓపేక్ అన్నదానికి టిక్ పెట్టడం. కింది పొర మూగబోతుంది, టేకు దక్కుతుంది. 1366 పిక్సెళ్ల వెడల్పున్న పాత ల్యాప్‌టాప్ తెర మీద ఆ మోడ్ పేరు ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఏ మోడ్‌లో ఉన్నామో కంటికి ఆనదు. అంత ముఖ్యమైన మీటకి రంగు తేడా కూడా లేకపోవడం బాగోలేదు.

ఇక ఒక్క లైను సరిచెయ్యడం, అంటే పంచ్. రెండో చరణంలో ఒక చోట శ్రుతి జారింది. ఆర్ మీట నొక్కి రేంజ్ పనిముట్టు తీసుకుని, ఆ లైనుకి ముందు గాయని ఊపిరి తీసుకున్న చోట మొదలుపెట్టి, తర్వాతి ఊపిరి దాకా ఎంచుకోండి. దాని మీద రైట్ క్లిక్ చేసి పంచ్ ఫ్రమ్ సెలెక్షన్ అన్నది ఎంచుకోండి. పైన పంచ్ పక్కనున్న ఇన్, ఔట్ రెండూ వెలిగించండి. ఆటో ఇన్‌పుట్ ఆన్‌లో ఉండాలి. అప్పుడే పంచ్ చోటు వచ్చేదాకా గాయనికి హెడ్‌ఫోన్‌లో తన పాత గొంతు వినిపించి, అక్కడికి రాగానే మైకు గొంతుకి మారుతుంది. ట్రాక్‌ని ఆర్మ్ చేసి (రికార్డుకి సిద్ధం చేసి), రెండు లైన్ల ముందు ప్లేహెడ్ (ఎక్కడున్నామో చూపే నిలువు గీత) పెట్టి షిఫ్ట్ స్పేస్ నొక్కండి. పంచ్ చోటు దాకా రికార్డు మీట మిణుకుమిణుకుమంటుంది, ఆ చోటికి రాగానే నిలకడగా వెలుగుతుంది.

ఊపిరి దగ్గరే ఎందుకంటే, కొత్త రీజియన్ అంచులకు ఆర్డౌర్ వేసే ఫేడ్ (శబ్దం మెల్లగా ఎక్కి దిగే భాగం) 64 శాంపిళ్లు మాత్రమే. శాంపిల్ అంటే శబ్దాన్ని కొలిచే అతి చిన్న ముక్క, 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 48 వేల ముక్కలు. 48 కిలోహెర్ట్జ్‌లో అది 1.3 మిల్లీసెకన్లు. టిక్కుమనకుండా ఆపడానికి సరిపోతుంది కానీ, 'ఆ' అని సాగుతున్న అచ్చు మధ్యలో కోత పడితే గొంతు రంగు మారడాన్ని దాచలేదు. ఊపిరి దగ్గర కోసి, ఫేడ్‌ని 15 నుంచి 20 మిల్లీసెకన్లకు లాగితే అతుకు తెలియదు. గాయని రెండు టేకుల్లోనూ ఒకేలా ఊపిరి తీసుకోవాలంటే ముందు లైను నుంచి ఆమె కూడా పాడుతూ రావాలి. మౌనంగా విని ఒక్కసారిగా అందుకుంటే జోరు తేడా వస్తుంది.

పని అయ్యాక పంచ్ ఇన్, ఔట్ ఆర్పెయ్యాలి. ఆర్పకపోతే తర్వాతి పాట మొత్తం పాడిస్తారు, రికార్డు మీట మిణుకుతూనే ఉంటుంది, ట్రాక్‌లో ఏమీ పడదు. తప్పెటగుళ్ల బృందం పదిహేను మంది ఎగిరి ఆడి, చెమటలు కారి నిలబడ్డాక ఆ మాట చెప్పాల్సి రావడం బాధాకరం. ఎర్ర మీట నిలకడగా ఉందా అని చూశాకే సైగ చెయ్యండి.

చెడిన టేకుని మధ్యలో ఆపాలంటే కంట్రోల్ స్పేస్. ఆగడమే కాదు, ఆ టేకుని పారేస్తుంది కూడా. మామూలు స్పేస్‌తో ఆపితే టేకు ఉండిపోతుంది. రెండు మీటలకీ ఇంత తేడా ఉందని పక్కన కూర్చునే సహాయకుడికి తప్పక చెప్పండి.

టేకులన్నీ ఒకే మోతాదులో వెనకబడి పడుతుంటే పాడేవాళ్లని అనకండి. ఆడియో సెటప్‌లో క్యాలిబ్రేట్ అన్న మీట ఉంది. ఇంటర్‌ఫేస్ (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ కలిపి దాన్ని నడిపితే ఆలస్యం కొలిచి, ఆ తర్వాత పడే టేకులన్నింటినీ అంత మేర ముందుకి జరుపుతుంది. బఫర్ సైజు (కంప్యూటర్ ఒక్కో విడతకి తీసుకునే శబ్దం) 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్లంటే 5.3 మిల్లీసెకన్లు, 1024 అంటే 21.3. పాడించేటప్పుడు 128 లేదా 256, మిక్సింగ్ అప్పుడు 1024. 64కి దింపితే పాత మెషీన్లు తట్టుకోలేక చిటపటలు వస్తాయి. అలా చిటపట వచ్చిన చోట గుర్తు పెట్టే వెసులుబాటు ప్రిఫరెన్సెస్‌లో ఉంది, ఆన్ చేసుకోండి. చిటపట ఎక్కడుందో చెవితో వెతకనక్కర్లేదు.

ఇప్పుడు క్లాక్‌లు. ఆర్డౌర్‌లో మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ట్రాన్స్‌పోర్ట్ బార్‌లో రెండు క్లాక్‌లు పక్కపక్కన ఉంటాయి, ఒక్కోదాన్నీ వేరే కొలతలో పెట్టుకోవచ్చు. క్లాక్ మీద రైట్ క్లిక్ చేస్తే టైమ్‌కోడ్ (గంటలు, నిమిషాలు, సెకన్లు, వీడియో ఫ్రేములు), బార్స్ అండ్ బీట్స్ (తాళం లెక్క: బీట్ అంటే ఒక దెబ్బ, బార్ అంటే కొన్ని దెబ్బల చుట్టు), నిమిషాలు సెకన్లు, శాంపిళ్లు వస్తాయి. రెండోది కనిపించకపోతే ప్రిఫరెన్సెస్‌లో ఆన్ చెయ్యాలి. పాటకైతే ఎడమది బార్స్ అండ్ బీట్స్, కుడిది నిమిషాలు సెకన్లు. డబ్బింగ్‌కైతే ఎడమది టైమ్‌కోడ్.

ఇవి చూసుకోడానికే కాదు, టైపు చెయ్యడానికి కూడా. క్లాక్ మీద క్లిక్ చేసి అంకెలు కొడితే కుడి నుంచి ఎడమకి పాత అంకెల మీద పడుతూ వెళ్తాయి. ఎంటర్ కొడితే ప్లేహెడ్ అక్కడికి దూకుతుంది. ఎస్కేప్ కొడితే ఏమీ మారదు. టైమ్‌కోడ్‌లో 1 నిమిషం 43 సెకన్ల 10వ ఫ్రేముకి వెళ్లాలంటే 00014310 కొట్టాలి. ముందు సున్నాలెందుకని వదిలేస్తే, ఎడమ పక్క పాత అంకెలు అలాగే మిగిలి ప్లేహెడ్ వేరే చోటికి పోతుంది. ఎనిమిదీ కొట్టడం క్షేమం.

ఇంకా బాగున్నది ప్లస్, మైనస్. అంకెలు కొట్టి ఎంటర్‌కి బదులు మైనస్ నొక్కితే ఇప్పుడున్న చోటు నుంచి అంత వెనక్కి వెళ్తుంది, ప్లస్ అయితే ముందుకి. టైమ్‌కోడ్‌లో 500 కొట్టి మైనస్ నొక్కితే సరిగ్గా 5 సెకన్లు వెనక్కి. డబ్బింగ్‌లో ఆర్టిస్టు ఒకే మాట పది సార్లు చెప్పాల్సి వచ్చినప్పుడు మౌస్ ముట్టుకోకుండా పని నడుస్తుంది. నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డులో భాగహారం గుర్తు నొక్కితే కర్సర్ నేరుగా క్లాక్‌లోకి వెళ్తుంది. ల్యాప్‌టాప్‌లలో ఆ ప్యాడ్ ఉండదు కాబట్టి, ఒక యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొనుక్కోండి, లేదా విండో మెనూలోని కీబోర్డ్ షార్ట్‌కట్స్‌లో వేరే మీట పెట్టుకోండి. అంకె మీద మౌస్ ఉంచి చక్రం తిప్పినా మారుతుంది. అది సౌకర్యమూ, ముప్పూ కూడా: తెర మీద పైకీ కిందకీ జరగబోతూ పొరపాటున క్లాక్ మీద చక్రం తిప్పితే ప్లేహెడ్ జరిగిపోతుంది.

విండో మెనూలో బిగ్ క్లాక్ అని ఇంకొకటుంది. దాన్ని విడి కిటికీగా తెరిచి ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు, రికార్డు నడుస్తున్నంత సేపూ అంకెలు ఎర్రబడతాయి. పాడేవాళ్ల గదిలో ఒక పాత మానిటర్ పెట్టి దాని మీద చూపిస్తే, రికార్డు మొదలైందా, ఎన్నో బార్‌లో ఉన్నామా అన్నది గాజు తలుపు ఇవతల నుంచి సైగలు చెయ్యకుండానే వాళ్లకి తెలుస్తుంది. వేరే ఎర్ర బల్బు కూడా అక్కర్లేదు.

బార్స్ అండ్ బీట్స్ మన తాళానికి సరిపడాలంటే మీటర్ (ఒక బార్‌కి ఎన్ని బీట్లన్నది) మార్చాలి. మొదట ఉండే 4/4 లో ఆది తాళం ఒక ఆవర్తనం రెండు బార్లవుతుంది. మీటర్ గుర్తుని 8/4 చేస్తే ఒక బార్ ఒక ఆవర్తనం. నిమిషానికి 80 బీట్ల వేగంలో ఆ బార్ సరిగ్గా 6 సెకన్లు. మిశ్రచాపుకి 7/8, ఖండచాపుకి 5/8. ఈ రెండింటికీ టెంపోని కూడా ఎనిమిదో నోటు లెక్కన పెట్టాలి, లేకపోతే క్లిక్ (తాళం వేసే టిక్కు శబ్దం) రెట్టింపు వేగంతో కొడుతుంది. టెంపో పాడించక ముందే తేల్చుకోండి. తర్వాత మారిస్తే గీతలు జరుగుతాయి కానీ పాడిన గొంతు వేగం మారదు. క్లిక్ లేకుండా వాయించే జముకు, తప్పెట లాంటి వాటికి ఈ క్లాక్ వల్ల ఉపయోగం లేదు. నిమిషాలు సెకన్లు పెట్టి, కథకుడు చరణం మార్చినప్పుడల్లా ట్యాబ్ నొక్కితే అక్కడ ఒక గుర్తు పడుతుంది. ఆ సమయంలో కర్సర్ క్లాక్‌లో ఉండకూడదు. ఉంటే ట్యాబ్‌ని ఎంటర్‌గా తీసుకుంటుంది.

టైమ్‌కోడ్ దగ్గర ఒక జాగ్రత్త. కొత్త సెషన్ తెరవగానే సెషన్ మెనూలో ప్రాపర్టీస్, అందులో టైమ్‌కోడ్ చూసి వీడియో ఎన్ని ఫ్రేములదో అదే పెట్టండి. మన దగ్గర టీవీకి 25. ఫోన్‌తో తీసినవి ఎక్కువగా 30 చుట్టూ ఉంటాయి, పైగా ఫ్రేముల వేగం షాట్ మధ్యలో మారుతుంటుంది. అలాంటి వీడియోని ఎడిటర్ చేత స్థిరమైన వేగానికి మార్పించాకే డబ్బింగ్‌కి కూర్చోండి. 29.97 వీడియోకి 30 పెడితే గంటకు 108 ఫ్రేములు, అంటే 3.6 సెకన్ల తేడా వస్తుంది. పది నిమిషాల షార్ట్ ఫిల్ములో కూడా చివరికి పెదవులు అర సెకను పైనే తప్పుతాయి. ఇంకో చోట కూడా లెక్క తడబడుతుంది: 48 కిలోహెర్ట్జ్‌లో 25 వేగపు ఒక ఫ్రేముకి 1920 శాంపిళ్లు; బార్స్ క్లాక్‌లో ఒక బీట్‌కి టిక్కులు (బీట్‌లోని చిన్న భాగాలు) కూడా 1920. అంకె ఒకటే అయినా వీటికి ఏ సంబంధమూ లేదు, ఒక క్లాక్‌లో చూసిన విలువని రెండో దాంట్లో కొట్టకండి.

ప్లే నొక్కినా ప్లేహెడ్ కదలకపోతే, సింక్ మీట మీద ఇంటర్నల్ అని ఉందో లేదో చూడండి. అది ఎమ్‌టీసీ మీదో ఎల్‌టీసీ మీదో (బయటి పరికరాలు పంపే టైమ్‌కోడ్ రకాలు) ఉంటే ఆర్డౌర్ బయటి పరికరం నుంచి సమయం వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇన్‌పుట్‌లు చాలడం లేదని రెండు యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లు కలిపి వాడబోతారు కొందరు. ఒకదాని గడియారం రెండో దానితో కచ్చితంగా కలవదు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్లు. ఎస్పీడిఫ్ లేదా ఆడాట్ అనే డిజిటల్ కేబుల్‌తో ఒకదాన్ని రెండో దానికి అనుచరిగా పెట్టగలిగితే సరే, లేకపోతే ఎనిమిది ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఒకటే కొనండి.

కరెంటు పోయే ఊళ్లలో ఆర్డౌర్‌ని నమ్మడానికి ఇంకో కారణం ఉంది. రికార్డు నడుస్తుండగా మెషీన్ ఆగిపోతే, మళ్లీ సెషన్ తెరిచినప్పుడు అప్పటి దాకా పడిన ఆడియోని తిరిగి తెమ్మంటారా అని అడుగుతుంది. అవునంటే టేకు దాని చోట కూర్చుంటుంది. కంగారులో ఇగ్నోర్ నొక్కకండి. యూపీఎస్ మాత్రం మానకండి, ఈ సౌకర్యం డిస్కుని కాపాడదు.

డిస్కు జాగా గురించి కూడా. మామూలుగా ఉండే 32 బిట్ ఫ్లోట్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 11.5 మెగాబైట్లు. ఎనిమిది మైకులతో గంట భజన తీస్తే అయిదున్నర గిగాబైట్లు. లేయర్డ్‌లో పై పొర డిలీట్ చేసినా ఫైలు డిస్కులో ఉండిపోతుంది కనుక అది ఇంకా పెరుగుతుంది. ట్రాక్‌కి పేరు పెట్టాకే ఆర్మ్ చెయ్యండి, ఫైళ్లకు ఆ పేరే వస్తుంది. తర్వాత మార్చినా పాత ఫైళ్ల పేర్లు మారవు. సెషన్ మెనూలో క్లీన్ అప్ కింద వాడని సోర్సులు తీసేసే ఏర్పాటుంది. మొదటి మెట్టులో వాటిని పక్క ఫోల్డర్లోకి జరుపుతుంది, చెత్తబుట్ట ఖాళీ చేసినప్పుడే పూర్తిగా పోతాయి. రెండో మెట్టు ఎక్కే ముందు పాటలన్నీ ఒకసారి మొదటి నుంచి వినండి, సెషన్ ఫోల్డర్ కాపీ బయటి డిస్కులో పెట్టుకోండి. ఆ మెట్టు దాటాక కంట్రోల్ జెడ్ పనిచెయ్యదు.